ప్యాకేజీలో లేని మనుషులు

“డబ్బులన్నీ ముందే కట్టీసాం కదా, మళ్ళీ ఈళ్ళకేటి ఇచ్చీది?”

భోగాపురం తీరాన రిసార్టులో రెండు రాత్రులు గడిపి సామాను కారుకెత్తించే వేళ, అరకు ప్యాకేజీ బస్సు దిగే వేళ, కాశీయాత్ర ముగించుకుని విజయనగరం స్టేషన్లో దిగే వేళ ఈ మాట తరచు వినిపిస్తుంది. అనేవాళ్ళు పిసినారులేమీ కారు. పైడితల్లి హుండీలో చేతికొచ్చినంత వేసేవాళ్ళు, మేనకోడలి పెళ్ళికి అప్పు చేసైనా గొలుసు పెట్టేవాళ్ళు. గది, మూడు పూటల భోజనం, ఈతకొలను, సాయంత్రం పాటకచేరీ అన్నీ కలిపి ఒకే ధర కట్టించుకున్నారు గనక వండినవారి, వడ్డించినవారి, పక్క వేసినవారి కష్టం కూడా అందులోనే చెల్లిపోయిందని వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్ముతారు. ఆపైన ఇస్తే పనివాళ్ళకు లేనిపోని అలవాటు చేసినట్టేనంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మధ్యతరగతి ఇళ్ళలో ఇది దాదాపు స్థిరపడిపోయిన అభిప్రాయం. ఇది తప్పు. లెక్క ప్రకారమూ తప్పు, న్యాయం ప్రకారమూ తప్పు.

ముందు లెక్క చూద్దాం. యాత్రల కరపత్రం ఏది తీసుకున్నా రెండు జాబితాలుంటాయి: ప్యాకేజీలో ఉన్నవి, లేనివి. మొదటి దాన్ని అందరూ వేలు పెట్టి చదువుతారు. రెండోది చిన్న అక్షరాల్లో ఉంటుంది. బట్టలు ఉతికించుకున్న ఖర్చు, ప్రవేశ రుసుములు, అదనంగా తెప్పించుకున్న తిండి, వాటి సరసనే డ్రైవర్లకూ గైడ్లకూ ఇచ్చే టిప్పులు. ఐఆర్‌సీటీసీ భారత్ గౌరవ్ రైళ్ళనే తీసుకోండి. పూరీ, కాశీ, అయోధ్య యాత్రతో తెలుగు రాష్ట్రాల నుంచి మొదటి రైలు 2023 మార్చి 18న సికింద్రాబాద్‌లో బయలుదేరింది. మన వాళ్ళు విజయనగరంలోనే ఎక్కే వీలుండేది. టికెట్టు, బస, భోజనం, ఊళ్ళలో తిప్పే బస్సు, బీమా అన్నీ ఒకే ధరలో పెట్టిన యాత్ర అది. అలాంటి యాత్రల వివరాల్లో కూడా టిప్పులను కలపని ఖర్చుల కిందే చూపుతారు. ధర కట్టినవాడే ఫలానాది ఇందులో లేదని రాసిపెడితే, కొన్నవాడు అన్నీ ఉన్నాయని వాదించడం ఎలా చెల్లుతుంది?

నిజంగానే అన్నీ కలిపిన చోట్లు లోకంలో లేకపోలేదు. 1950లో జెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియం వాడు స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో గుడారాలు వేసి క్లబ్ మెడ్ మొదలుపెట్టాడు. ఒకసారి డబ్బు కడితే సెలవు ముగిసేదాకా జేబులో చెయ్యి పెట్టక్కర్లేదన్నది ఆ విడిది పద్ధతి. టిప్పు కూడా వద్దనేవారు. 1981లో జమైకాలో మొదలైన సాండల్స్ రిసార్టులు ఇప్పటికీ తమ సిబ్బంది టిప్పు పుచ్చుకోకూడదనే నియమం పెట్టుకున్నాయి. ఇంటి మనిషిలా వెంట ఉండి చూసుకునే బట్లర్ల వంటి కొద్దిమందికే మినహాయింపు. అక్కడ యజమాని అతిథికి ముఖాముఖీ చెప్పే మాట ఒకటుంది: మా వాళ్ళ సంగతి మేం చూసుకున్నాం, మీరు ఇవ్వనక్కర్లేదు. అలా చెప్పిన చోట ఇవ్వకపోవడమే మర్యాద. ఉత్తరాంధ్ర తీరంలోగాని, అనంతగిరి, అరకు కొండల మీదగాని ఏ రిసార్టు రేటు పట్టిక కిందైనా అలాంటి వాక్యం రాస్తే, ఆ రిసార్టు అతిథి నిశ్చింతగా చేతులు దులుపుకుని వెళ్ళవచ్చు. ప్రకటనల్లో కనబడేది మాత్రం ‘అన్‌లిమిటెడ్ బఫే’, ‘రెయిన్ డ్యాన్స్’, ‘క్యాంప్ ఫైర్’. వీటిని నడిపే మనుషుల వాటా గురించి అక్షరం ఉండదు. ఉందని మనకు మనమే ఊహించుకుంటున్నాం.

ఇవ్వడానికి మిగలదనే మాటా నిలవదు. 7,500 రూపాయల లోపు హోటలు గదుల మీద జీఎస్టీ 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతానికి దిగింది. రోజుకు 6,000 అద్దె ఉన్న గదికి పన్ను 720 నుంచి 300కి తగ్గినట్టు. గది ధర పెంచని చోట రాత్రికి 420 రూపాయలు అతిథి జేబులోనే మిగిలాయి. అందులో పావు వంతు గది ఊడ్చిన మనిషి చేతిలో పెట్టినా కుటుంబ బడ్జెట్టు తలకిందులు కాదు.

ఇక ఆ మనిషి ఎవరో చూడాలి. ఉదయం పదకొండు గంటలకు ఒక కుటుంబం గది ఖాళీ చేస్తుంది, ఒంటిగంటకో రెండింటికో ఇంకో కుటుంబం దిగుతుంది. ఆ రెండు మూడు గంటల్లో దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్ళు మార్చాలి, ఇసుక కాళ్ళతో తొక్కిన స్నానాలగది కడగాలి, మంచం కింద దొర్లిన సీసాలు ఏరాలి, పిల్లలు పరుపు తడిపితే పరుపు ఎండబెట్టాలి. ఒక్కొక్కరి వంతుకు రోజుకు పది పదిహేను గదులు రావడం హోటలు పనిలో మామూలే. అతిథి దిగేసరికి గది అద్దంలా ఉంటుంది గనక అక్కడ ఎవరో నడుం వంచారని అతనికి తట్టదు. ఈ పని నిండా చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళే. వేకువన తమ ఇంట్లో వండి, పిల్లల్ని బడికి తయారుచేసి, షేర్ ఆటో పట్టుకుని వచ్చిన వాళ్ళు. వంటశాల వెనక గిన్నెలు తోమేవాళ్ళు, తోటకు నీళ్ళు పెట్టేవాళ్ళు, రాత్రంతా గేటు దగ్గర నిలబడేవాళ్ళు కూడా అంతే. అతిథి ముఖం వీళ్ళు చూస్తారేమోగాని వీళ్ళ ముఖం అతిథి చూడడు. అరకులో థింసా ఆడే గిరిజన మహిళలు కనీసం కంటికి కనబడతారు. పక్కన నిలబడి చేతులు కలిపి వీడియో తీసుకున్న పర్యాటకుల్లో ఎంతమంది ఆ చేతుల్లో ఏమైనా పెడుతున్నారో ఎవరికి వారే చెప్పుకోవాలి. ఆ నాట్యం కూడా ప్యాకేజీలో ఉన్నదేనని గైడు ముందే చెప్పి ఉంటాడు మరి.

రిసార్టు పనికి కాలం కూడా ఉంది. కార్తీకంలో వనభోజనాలు, డిసెంబరు, జనవరిలో మంచు చూడవచ్చే జనం, పెళ్ళి ముహూర్తాలు. ఆ రోజుల్లో సెలవు అడగడానికి లేదు. ఎండాకాలం మధ్యలో, వానల్లో గదులు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ‘మళ్ళీ పిలుస్తాం’ అన్న మాటతో ఇంటికి పంపుతారు. చాలామంది రిసార్టు జీతగాళ్ళు కూడా కారు, మనుషుల్ని సరఫరా చేసే గుత్తేదారు కింద ఉన్నవాళ్ళు. అతిథి కట్టిన ధరలో మొదటి వాటా పెట్టుబడికి, రెండోది బుకింగు యాప్‌కు, మూడోది కరెంటుకూ సరుకులకూ, ఆ తర్వాత గుత్తేదారు కమీషను. చివర మిగిలింది వీళ్ళకు. ధరలో వీళ్ళ కష్టం ఉంది. చేతికి అందేసరికి అది ఎంతయిందన్నదే ప్రశ్న.

ఇలాంటి పనుల్లో మన ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరితోటలు కూలిపోయాయి. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. అంతకుముందే వలసలకు అలవాటు పడ్డ ఊళ్ళవి. హైదరాబాదు, చెన్నై, అండమాన్లు, గల్ఫ్ దేశాలు, ఎక్కడికైనా వెళ్ళి ఏ పనైనా చేసే జనం ఈ జిల్లాల జనం. ఆ పనుల్లో హోటళ్ళలో వడ్డన, గదుల శుభ్రత కూడా ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు వినబడితే అందులో శ్రీకాకుళం యాస ఉండడం ఆశ్చర్యం కాదు. పరాయి ఊళ్ళో తన కొడుక్కి అతిథి ఒక నోటు ఇచ్చాడని విని సంతోషించే తండ్రి, తన ఊరి పక్క రిసార్టుకు అతిథిగా వెళ్ళినప్పుడు ఇంకొకరి బిడ్డకు ఏమీ ఇవ్వక్కర్లేదని ఎలా అనగలడు?

టిప్పు మన అలవాటు కాదు, దొరల దగ్గర నేర్చుకున్నదని రెండో వాదం. ఈ జిల్లాల చరిత్ర తెలిసినవారెవరూ ఈ మాట అనలేరు. నూర్పులయ్యాక చాకలి, మంగలి, కమ్మరి, వడ్రంగి మేరలు కళ్ళంలోనే కుంచాల లెక్కన కొలిచి ఇచ్చాకే ధాన్యం బండి ఇంటికి కదిలేది. ఆ పద్ధతి కులాన్ని పట్టుకుని వేలాడింది, అందులో వెట్టి ఉంది, అవమానం ఉంది. దాన్ని తిరిగి తెమ్మనేవాళ్ళు ఎవరూ లేరు, తేకూడదు కూడా. కానీ పంట ఇంటికి చేరేలోపే పనిచేసిన చేతుల వాటా తీసి పెట్టాలన్న గ్రహింపు పల్లె రైతుకు ఉండేది. అన్నీ నా ఖర్చులోనే కలిసిపోయాయని కళ్ళంలో అతను అనలేదు, అంటే ఊరు ఒప్పుకునేదీ కాదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ తూర్పు భాగవతం. ఊరి పెద్దలు మేళంతో ఇంతకని ఒప్పందం చేసుకునేవారు. భోజనం, బస ఊరిదే. అంటే నేటి భాషలో చెప్పాలంటే పూర్తి ప్యాకేజీ. అయినా తెల్లవార్లూ సాగే ఆటలో సత్యభామ జడ పట్టుకుని సవాలు విసిరిన ఘట్టం దగ్గరో, మద్దెల దరువు గుండెకు తగిలిన చోటో ఒక రైతు లేచి రూపాయి చదివించేవాడు, ఆ పేరు నలుగురూ వినేలా చెప్పేవారు. తప్పెటగుళ్ళ బృందానికీ అంతే, పెళ్ళిలో సన్నాయి మేళానికీ అంతే. ఒప్పందం కుదిరింది గదా, చదివింపులెందుకని ఎవరూ అడగలేదు. ఒప్పందం బేరం తేల్చింది, చదివింపు మనసుకు నచ్చిన సంగతి తెలిపింది. రెండూ పక్కపక్కన బతికాయి. వాళ్ళ మనవలే ఇవాళ రిసార్టులో ఏమీ చదివించకుండా వచ్చి, అది మన సంప్రదాయం కాదంటున్నారు.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హోటల్లో తింటే బిల్లు మీద 18 నుంచి 20 శాతం టిప్పు లెక్కకట్టి వేస్తారు. వెయ్యకపోతే తప్పని అక్కడ తెలుసు. సెలవులకు ఇంటికొచ్చి అమ్మానాన్నలను భోగాపురమో అరకో తీసుకెళ్ళినప్పుడు మాత్రం ఆ లెక్క గుర్తుకు రాదు. అక్కడ ఇవ్వకపోతే ముఖం చిట్లిస్తారు, ఇక్కడ ఇవ్వకపోయినా నమస్కారమే పెడతారు. తేడా అంతకన్నా ఏమీ లేదు. ఎదుటివాడు అడగలేడన్న ధైర్యంతో మానేసేదాన్ని సంస్కృతి అని పిలవకూడదు.

చట్టం మా వైపే ఉందని ఈ మధ్య మరో వాదం బలపడింది. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. హోటళ్ళు, రెస్టారెంట్లు బిల్లులో తమంతట తాము సర్వీస్ చార్జీ కలపకూడదని, ఏ పేరుతోనూ దాన్ని బలవంతంగా వసూలు చేయకూడదని అంది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ఈ తీర్పును పట్టుకుని, చూశారా, ఇవ్వక్కర్లేదని కోర్టే చెప్పిందంటున్నారు. కోర్టు అడ్డుకున్నది యజమాని గల్లాపెట్టెలోకి పోయే బలవంతపు వసూలును. ఇష్టపడి పనిమనిషి చేతిలో పెట్టే డబ్బుకు అందులో అడ్డేమీ లేదు. అది అతిథికీ సిబ్బందికీ మధ్య వ్యవహారమని ఆ మార్గదర్శకాలే ఒప్పుకున్నాయి. యజమాని పేరుతో పోయే డబ్బు ఆగింది గనక ఇప్పుడు నేరుగా ఇచ్చే దారి ఇంకా శుభ్రమైంది. దాన్ని ఏమీ ఇవ్వకుండా తప్పుకునే దారిగా మార్చుకోవడం తీర్పుకు అన్యాయం చేయడమే.

2016 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఐటీసీ హోటళ్ళ కేసులో ఇంకో సంగతి తేల్చింది. అతిథులు ఇచ్చే టిప్పు యజమాని చెల్లించే జీతం కిందకు రాదు, కాబట్టి హోటలు దాని మీద జీతపు పన్ను కోయనవసరం లేదని. పనివాళ్ళ వైపు నుంచి చూస్తే ఈ తీర్పుకు రెండు అంచులున్నాయి. జీతం కాదు గనక టిప్పు మీద పీఎఫ్ జమ కాదు, గ్రాట్యుటీ లెక్కలోకి రాదు, జబ్బు పడితే ఈఎస్ఐ ఇచ్చే భత్యం దాన్నిబట్టి పెరగదు. అందుకే టిప్పు ఎప్పటికీ జీతానికి బదులు కాలేదు. రెండో అంచు మేలు చేసేది. జీతం కానిదాన్ని చూపించి, అతిథులు ఇస్తున్నారుగా అని కనీస వేతనంలో కోత పెట్టే హక్కు యజమానికి ఉండదన్నది ఆ తర్కం నుంచే వస్తుంది. మెక్సికో ఇంకో దారి పట్టింది. కాంకూన్ లాంటి చోట్ల అన్నీ కలిపిన రిసార్టులకు పేరుపడ్డ దేశమది. అక్కడి కార్మిక చట్టం 346వ అధికరణం టిప్పును హోటలు కార్మికుల వేతనంలో భాగమని చెబుతూనే, అందులో యజమాని ఏ వాటా తీసుకోకూడదని నిషేధించింది. దారులు వేరైనా, ఆ డబ్బు పనిచేసినవాళ్ళదేనన్న విషయంలో రెండు చోట్లా సందేహం లేదు.

టిప్పు లంచానికి చుట్టమనే మాట కూడా వినిపిస్తుంది. కార్యాలయాల్లో మామూళ్ళతో విసిగిన జనానికి ఆ అనుమానం రావడం సహజం. ఒక్కటి గమనించాలి. లంచం పుచ్చుకునేవాడి చేతిలో మన కాగితం ఉంటుంది, మన భూమి ఉంటుంది. ఇవ్వకపోతే పని ఆపగలడు. గది ఊడ్చే మనిషి ఏది ఆపగలదు? అతిథి ఫిర్యాదు చేస్తే పోయేది ఆమె ఉద్యోగమే. అధికారం ఉన్నవాడికి ఇచ్చేదీ, అధికారం లేని మనిషికి ఇచ్చేదీ ఒక గాటన కట్టడం అన్యాయం. దిగగానే సర్వర్‌కు 500 చేతిలో పెట్టి, మా బల్లనే చూసుకో, చేపల వేపుడు ముందు మాకే తే అని పురమాయించేవాళ్ళుంటారు. లంచమని అనదలిస్తే దాన్ని అనాలి. ఆ తప్పు ఇచ్చినవాడిది. దానికి శిక్ష గిన్నెలు తోమే మనిషికి వెయ్యడం ఏం న్యాయం?

టిప్పు కోసం గుమ్మం దగ్గర నిలబడతారు, చిరాగ్గా ఉంటుందని కొందరి బాధ. నిలబడేది ఎందుకంటే వస్తుందో రాదో తెలియదు గనక. ఇవ్వడం మామూలైన చోట ఎవరూ ఎవరి మొహం వంకా చూడరు. మనం మన మర్యాదను ఒక పద్ధతిగా పెట్టుకోకపోవడం వల్లే ఎదుటివాళ్ళకు చేతులు నలుపుకోవాల్సిన గతి పడుతోంది.

మిగిలింది అన్నిటికన్నా బలమైన వాదం. దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. పనివాళ్ళకు సరైన జీతం ఇవ్వాల్సింది యజమాని. అతిథులు టిప్పులు ఇస్తూపోతే యజమాని తన బాధ్యత వాళ్ళ మీదకు నెట్టేస్తాడు. కాబట్టి ఇవ్వకపోవడమే కార్మికుడికి మేలు. కార్మికుల పక్షాన ఆలోచించేవాళ్ళు కూడా ఈ మాట అంటారు. దీనికి చరిత్రలో ఆధారమూ ఉంది. అమెరికా అంతర్యుద్ధం తర్వాత జార్జ్ పుల్‌మన్ తన పడకల రైలు పెట్టెల్లో పనికి బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వాళ్ళను పెట్టుకున్నాడు. జీతం అతి తక్కువ. మిగతాది ప్రయాణికుల దయ. ఒక్కొక్కరినీ వాళ్ళ పేరుతో కూడా పిలవకుండా యజమాని పేరు పెట్టి ‘జార్జ్’ అని పిలిచేవారు. ఆ దేశంలో టిప్పులు వచ్చే ఉద్యోగులకు కేంద్ర చట్టం ప్రకారం యజమాని ఇవ్వాల్సిన నగదు కూలి గంటకు 2.13 డాలర్లే. అది 1991 నుంచి మారలేదు. టిప్పును కూలిలో కలిపితే ఏమవుతుందో చూపడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ఆ పుల్‌మన్ పోర్టర్ల బతుకు ఎలా బాగుపడింది? ప్రయాణికులు టిప్పు మానేసినందువల్ల మాత్రం కాదు. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం కట్టారు. పన్నెండేళ్ళు పోరాడి 1937లో కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. నెలకు 400 గంటల పని 240 గంటలకు దిగింది, జీతం పెరిగింది. నెల్లిమర్ల జూటు మిల్లు కార్మికుల పోరాటాలు చూసిన విజయనగరం జిల్లాకు ఈ సంగతి కొత్త కాదు. కూలి పెంచేది సంఘం, చట్టం, వాటిని అమలుచేసే అధికారి. రిసార్టుల్లో అయిదుగురొక చోట, పదిమందొక చోట చెదిరి ఉన్న పనివాళ్ళకు ఆ బలం ఇంకా రాలేదు. అది వచ్చేదాకా వాళ్ళకు రావాల్సిన నాలుగు రూపాయలు కూడా ఆపేస్తే యజమాని మీద ఒత్తిడి ఏమీ పెరగదు. యజమానికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

దీనికి రుజువు ఆ రిసార్టులోనే, వంటశాల వెనక ఉంది. టిప్పు వల్లే జీతాలు తగ్గుతాయన్నది నిజమైతే, ఏనాడూ టిప్పు మొహం చూడని గిన్నెలు తోమే మనిషికి అందరికంటే మంచి జీతం ఉండాలి. తోటమాలికి, గేటు కాపలాదారుకు బాగా ముట్టాలి. ఎక్కడైనా అలా ఉందా? టిప్పు అందనివాళ్ళే జీతంలోనూ అట్టడుగున ఉన్నారు. ఉత్తరాంధ్ర అతిథులు ఇన్నాళ్ళుగా వాళ్ళకు ఇవ్వకుండానే ఉన్నారు, ఆ పుణ్యాన వాళ్ళ జీతం ఒక్క రూపాయి పెరిగిన దాఖలా లేదు. ఇంకో మాట. యజమానే ఇవ్వాలనే అతిథుల్లో ఎంతమంది గది బుక్ చేసేటప్పుడు, మీ వాళ్ళకు కనీస వేతనం ఇస్తున్నారా, పీఎఫ్ కడుతున్నారా అని అడిగారు? బేరం ఆడి మరో వెయ్యి తగ్గించుకున్నవాళ్ళే ఎక్కువ. తగ్గించిన ఆ వెయ్యి చివరకు ఎవరి దగ్గర కోతపడుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. అడిగే పని చెయ్యకుండా, ఇచ్చే పనీ చెయ్యకుండా రెండిటికీ ఒకే వాదాన్ని అడ్డం పెట్టుకోవడాన్ని సిద్ధాంతమని ఒప్పుకోలేం.

కాబట్టి ఇవ్వాలి. ఎలా ఇవ్వాలన్నది తర్వాతి మాట, అందులో నిజమైన చిక్కులున్నాయి. కనబడ్డవాడికే ఇస్తే సర్వర్‌కూ డ్రైవర్‌కూ అందుతుంది, వెనక ఉన్న ఆడవాళ్ళకు అందదు. గది శుభ్రం చేసినవారికి రోజుకు 100 చొప్పున గదిలోనే, వాళ్ళకోసమని తెలిసేలా ఒక చీటీతో పెట్టి రావడం సులువైన పద్ధతి. మొదటి రోజు మనిషి ఆఖరి రోజు ఉండకపోవచ్చు గనక ఏ రోజుది ఆ రోజు పెట్టడం మేలు. మిగతా అందరికీ కలిపి ప్యాకేజీ ధరలో 5 శాతం వెళ్ళేటప్పుడు ఉమ్మడి పెట్టెలో వేస్తే చాలు. 12,000 ప్యాకేజీకి అది 600. పెళ్ళిళ్ళకు రిసార్టు మొత్తం తీసుకున్నవాళ్ళు ప్లేటు లెక్కన క్యాటరింగుకు కట్టిన మొత్తంలోంచి వడ్డించిన కుర్రాళ్ళకు, ఎంగిలాకులు ఎత్తినవాళ్ళకు విడిగా తీసి పెట్టాలి. ఆ కుర్రాళ్ళలో చాలామంది ఫీజు కోసం పనికొచ్చిన డిగ్రీ విద్యార్థులే. పాట పాడించుకుని, సెల్యూట్ కొట్టించుకుని ఇవ్వడం మాత్రం వద్దు. పదిమంది ముందు నోటు ఊపుతూ ఇచ్చేదాంట్లో పుచ్చుకునేవాడికి మిగిలేది చిన్నతనమే.

ఫోన్‌పే కాలంలో ఎవరి దగ్గరా చిల్లర లేదన్నది వాస్తవం. కౌంటరు మీద ఉన్న క్యూఆర్ కోడ్‌కు పంపితే అది యజమాని ఖాతాలో పడుతుంది, సౌండ్ బాక్స్ మోగుతుంది, అంతటితో సరి. దాంట్లోంచి పనివాళ్ళకు ఎంత వచ్చిందో తేలదు. అందుకని బయలుదేరే ముందు ఏటీఎంలో వంద నోట్లు తీసి ఉంచుకోవడం తప్ప ఇప్పటికి మంచి దారి లేదు. ఉమ్మడి పెట్టె ఉన్న చోట తాళం సూపర్‌వైజరు దగ్గర ఉందా, పనివాళ్ళ దగ్గర ఉందా అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 1 నుంచి అమలైన చట్టం ఈ సంగతే తేల్చింది. కార్డు ద్వారా వచ్చినా, నగదుగా వచ్చినా యజమాని చేతి మీదుగా నడిచే టిప్పు మొత్తం కోత లేకుండా సిబ్బందికి చేరాలి. ఎలా పంచుతారో రాతపూర్వకంగా పెట్టాలి. లెక్కలు మూడేళ్ళు దాచాలి.

అలాంటి నియమం ఆంధ్రప్రదేశ్‌కూ కావాలి, అందుకు సమయం కూడా ఇదే. రాష్ట్ర ప్రభుత్వం 2024–29 పర్యాటక విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పరిశ్రమకు దక్కే రాయితీలు పెట్టుబడిదారుకు దక్కుతున్నప్పుడు, కార్మికుడికి దక్కాల్సినవి కూడా అదే కాగితంలో ఉండాలి. రాయితీ తీసుకున్న ప్రతి రిసార్టూ కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నట్టు చూపాలని, టిప్పు పెట్టె లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాలని ఒక్క షరతు చేరిస్తే సరిపోతుంది. పర్యాటకాభివృద్ధి సంస్థ తన హరిత హోటళ్ళలో ముందు అమలుచేసి చూపవచ్చు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయం రావడంతో భీమిలి నుంచి పూసపాటిరేగ దాకా తీరం ముఖం మారబోతోంది. శ్రీకాకుళం జిల్లా తీరం ఒక్కటే దాదాపు 193 కిలోమీటర్లు. కళింగపట్నం, బారువ వైపు కూడా రేపు విడిదులు వస్తాయి. విమానాశ్రయానికి భూములిచ్చిన ఊళ్ళ పిల్లలు, వేటకు పోలేని మత్స్యకారుల పిల్లలు వాటిలో పనికి చేరతారు. వాళ్ళకు ఉద్యోగాలు వస్తాయని చెప్పే ఈ తీరం గురించి ఊరించారు. ఆ ఉద్యోగంలో చేతికెంత వస్తుందన్నది మొదటి రేటు పట్టిక అచ్చయ్యేనాటికే తేలాలి. బుకింగుకు ఫోన్ చేసే ప్రతి అతిథీ గది ధర అడిగిన నోటితోనే సిబ్బంది వాటా ఇందులో ఉందా, ఉంటే రాసివ్వగలరా అని కూడా అడగాలి. ఉందని రాసిచ్చేదాకా వంద నోట్లు వెంట తీసుకెళ్ళాలి.